ముత్యం, బొగ్గు, మధ్యలో నా చాట

కొత్తగా ఉద్యోగం దొరికిన రోజుల్లో మనిషికి లోకమంతా పద్ధతి లేక పాడవుతున్నట్టు, ఆ పద్ధతేదో తన ఒక్కడి దగ్గరే ఉన్నట్టు అనిపిస్తుంది. ఇరవై మూడేళ్లకు జహీరాబాద్‌లో గుమాస్తాగా చేరినప్పుడు నా పరిస్థితి అదే. అప్పటికే డైరీ రాసే అలవాటు ఉండేది (ఇప్పటికీ ఉంది; పింఛను తీసుకునే మనిషికి రోజూ రాసేందుకు ఏముంటుందని మా ఆవిడ అడుగుతుంది, అదీ రాసుకున్నాను). హైవే పక్క సందులో, అందరూ అవ్వ అని పిలిచే ఒక పెద్దావిడ ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాణ్ని. ఆ గదిలో నాకు తోడు బీదర్ వైపు నుంచి వచ్చిన ఒక మెకానిక్. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పట్టే మనిషి కాబట్టి అతనికి నిదానం అని పేరు పడింది.

నాకు ముత్యం అనే తెల్ల కుందేలు ఉండేది. ఒకసారి ఊరికి వెళ్లొస్తూ నిదానం ఒక నల్ల కుందేలును తెచ్చి బొగ్గు అని పేరు పెట్టాడు. పశువుల దవాఖానలో చూపించి రెండూ ఆడవేనని తేల్చుకున్నాక, ఇక అక్కాచెల్లెళ్లలా ఉంటాయిలే అని బొగ్గును ముత్యం గూట్లో వదిలాం. మరుక్షణం తెల్లబొచ్చు, నల్లబొచ్చు కలిసి గాల్లోకి లేచాయి. రెండో గూడు తేక తప్పలేదు. వరండా ఇరుకు. ఆ గూడు కాలికి తగిలి అవ్వ చేతిలోని పాలగిన్నె ఒలికిపోయింది. ఆమె అరవలేదు, తీర్పు చెప్పింది.

“ఆదివారం దాంక చూస్త. కలిసుంటె ఒక్క గూడు. లేకుంటె కయ్యం పెట్టుకునేదాన్ని న్యాల్‌కల్‌ల మా బిడ్డింటికి పంపిచ్చుడే.”

అక్కడ నా పద్ధతి రంగంలోకి దిగింది. రోజూ సాయంత్రం ఆరింటికి బొగ్గును ముత్యం గూట్లోకి పంపడం, కయ్యం మొదలవగానే మధ్యలో చాట అడ్డం పెట్టి విడదీయడం, తర్వాత డైరీలో గళ్లు గీసి రాయడం: ఎన్ని గంటలకు, ముందు కరిచిందెవరు, ఎక్కడ కరిచింది. సోమవారం ముత్యం, చెవి. మంగళవారం ముత్యం, వీపు. శనివారం వచ్చేసరికి ఆరు గళ్లలోనూ ముత్యమే. నా చేతి రాతే నా కుందేలును న్యాల్‌కల్ బస్సు ఎక్కిస్తోంది. ఒక్క గడిలోనైనా బొగ్గు అని రాద్దామా అని కలం ఎత్తాను, మనసొప్పలేదు (నిజాయితీ అని చెప్పుకోవచ్చు గానీ, సిరా కొట్టివేతలంటే నాకు అసహ్యం). నా ముఖం చూసి నిదానం, “పోనియ్యన్నా, బొగ్గునే పంపుదం. ముత్యం లేకుంటె నీకు బువ్వ దిగదు” అన్నాడు. దానితో నాకు ఆ పూట బువ్వ నిజంగానే దిగలేదు.

ఆదివారం పొద్దున అవ్వ అల్లానికి అంటిన మట్టి దులుపుతూ, రాసిందంతా చదవమంది. చదివాను. చివరిదాకా విని, “ఎవలు కరిచిన్రో రాసినవ్, మంచిదే. ఎవలు గెలిచిన్రో ఏడ రాసినవ్ బిడ్డా?” అని అడిగింది. ఆ గడి నేను గీయనే లేదు.

“ఎట్ల రాస్తవ్, తేలనిస్తె గద. కొత్త ఎడ్లు గూడ ఒక పూట పొడుచుకుంటయి. ఎవలు పెద్దో తేలినంక ఒక్క కాడికింద నడుస్తయి. నువ్వు రోజు సగంల చాట పెట్టబడితివి, అవి రోజు మొదటికెల్లి మొదలుపెట్టబట్టె. మళ్ల అది ముత్యం ఇల్లాయె. ఎవలన్న ఇంట్లకొస్తె నువ్వు ఊకుంటవా?”

అల్లం పోసుకునే కొట్టు ఖాళీగా ఉంది, రెండు కుందేళ్లకూ పరాయి చోటు. అవ్వ దాన్ని ఊడ్పించి, వాసన అలవాటు కావాలని ఒకదాని గూట్లో గడ్డి తెచ్చి రెండోదాని ముందు వేయించింది. మా ఇద్దరినీ గడపలో కూర్చోబెట్టి చాటను తన ఒళ్లో పెట్టుకుంది. ముత్యం తరిమింది. కాసేపటికి బొగ్గు తిరిగి తరిమింది. బొచ్చు లేచినప్పుడల్లా నేనూ లేచేవాణ్ని. “కూసో. నెత్తురు కనబడితె నేనే లేస్త” అనేది అవ్వ, కళ్లు వాటి మీదే పెట్టి. అరగంట దాటాక ముత్యం నెమ్మదిగా బొగ్గు ముందుకెళ్లి తల నేలకానించి పడుకుంది. బొగ్గు ముఖం గోడవైపు తిప్పుకుంది. నిదానం నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. చాలాసేపటికి (యజమాని పోలిక ఎక్కడికి పోతుంది) బొగ్గు ఇటు తిరిగి ముత్యం నుదురు నాకడం మొదలుపెట్టింది. “నాకిచ్చుకునేదే పెద్దది. తేలిపాయె, ఇగ ఫికర్ లేదు” అని అవ్వ పొయ్యి మీద ఎసరు పెట్టడానికి లేచింది.

ఏడాదిన్నర తర్వాత నాకు రాయికోడ్‌కు బదిలీ అయింది. ముత్యాన్ని గంపలో పెట్టి మూత వేయగానే బొగ్గు గంప చుట్టూ తిరగసాగింది, లోపల ముత్యం గీరసాగింది. రెండింటినీ తీసుకుపొమ్మని నిదానం అన్నాడు గానీ, ఆ మాట అంటూ అతను బొగ్గు వైపు చూడలేకపోయాడు. మూత తీసి, ఏ కుందేలు దూరమవుతుందని అప్పట్లో వారమంతా బెంగపడ్డానో దాన్ని నా చేతులతోనే అక్కడ వదిలాను. ఆ తర్వాత కొన్ని ఆదివారాలు కొత్తిమీర కట్ట పట్టుకుని చూడ్డానికి వెళ్లేవాణ్ని. ముత్యం కట్టలో సగం తిని, సగం బొగ్గుకు వదిలి, దాని మెడ మీద తల ఆనించి కళ్లు మూసుకునేది. అయినా ఆ కుర్ర గుమాస్తా గూటి ముందు గొంతుకూర్చుని, “నన్ను గుర్తుపట్టినవా?” అని బస్సు వేళ దాటేదాకా అడుగుతూనే ఉండేవాడు. ఇప్పుడు తలచుకుంటే వాడి మీద నవ్వూ వస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది.