ప్రమాదం లేని రోజులు

మా బావ నూకాలు కుక్కకి భయపడతాడు, సూదికి భయపడతాడు, మా అక్క కాశమ్మకైతే మరీ భయపడతాడు. కంప్రెసర్ గాలంటే మాత్రం చులకన. గోపాలపట్నం అవతల మా ఫేబ్రికేషన్ షెడ్డులో సాయంత్రం షిఫ్టు దిగగానే అందరం ఆయన ముందు వరస కట్టేవాళ్ళం. గాలి పైపు పట్టుకుని ఒంటి మీది ఇనప దుమ్మంతా ఊదేసేవాడు. నీళ్ళూ సబ్బూ లేని స్నానం. ఎవరైనా ఇది మంచిది కాదంటే, "గాలే కదరా, ఏటి సేసేత్తాది?" అని నవ్వేవాడు.

అంతటి మొనగాడు ఓ బుధవారం తన కుడి చెయ్యి దులుపుకుంటుంటే పైపు మూతి అరచేతికి ఆనింది. అక్కడ పొద్దున్న రేకు గీసుకున్న గాటు ఉంది. గాలి అందులోంచి లోపలికి దూరిపోయింది. పైకి చీమ కుట్టినంత మచ్చే. గంటలో చెయ్యి పూరీలా పొంగింది.

సూపర్‌వైజర్ దేవీప్రసాద్ గారు పరిగెత్తుకొచ్చారు. చెయ్యి చూడలేదు మహానుభావుడు, గేటు దగ్గర బోర్డు చూశారు. ప్రమాదం లేకుండా 364 రోజులు. మర్నాడు సభ, అందరికీ స్టీలు క్యారేజీలు, జాగ్రత్తపరుడని మా బావకి శాలువా. ఆస్పత్రిలో ముల్లు గుచ్చుకుందని చెప్పమన్నారు. మా బావ గంగిరెద్దులా తలూపాడు. నేను కూడా నోరు మూసుకున్నాను. క్యారేజీ మీద నాకూ ఆశే, సిగ్గులేని బతుకు.

డాక్టరు కేథరిన్ గారు ముల్లేనని నమ్మి మాత్రలిచ్చి పంపేశారు. మర్నాడు బావ శాలువా కప్పించుకుని, వాచిన చెయ్యి దాని కిందే దాచుకున్నాడు. మూడో రోజుకి వేళ్ళు నల్లబడ్డాయి. అక్క నన్ను నిలదీస్తే కక్కేశాను. మొగుణ్ణి ఈడ్చుకెళ్ళి డాక్టరమ్మ ముందు కూలదోసింది.

"ముల్లు కాదమ్మా, కంప్రెసర్ గాలి. ఈ సచ్చినోడు శాలువా కోసం అబద్ధమాడినాడు."

"మొదటి రోజే చెప్పుంటే వేళ్ళు దక్కేవి," అన్నారావిడ.

మూడు వేళ్ళు తీసేశారు.

కంపెనీ వాళ్ళది ఎంత జాలి గుండె! గేటు దగ్గర కుర్చీ వేసి తేలిక పనిచ్చారు. సాయంత్రం వరస ఇప్పటికీ ఉంది, పైపు నా చేతికొచ్చింది. బావ పని రోజూ పొద్దున్నే సుద్దముక్కతో బోర్డు మీద అంకె మార్చడం. ఎడం చేత్తో రాస్తాడు, వంకరగా వస్తుంది. నిన్న 412 రాశాడు.