రాడ్డు లేని సైకిలెక్కే పద్ధతి

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. మనిషికి కావలసిన విద్యలన్నీ ఇరవై ఏళ్లలోపే వచ్చేస్తాయనీ, అప్పటికీ రానివి మనకు అక్కర్లేనివేననీ. ఆ లెక్కన నాకు అక్కర్లేనివి రెండు తేలాయి: ఈత, సైకిలు. ఈత గొడవ లేదు, తార్నాకలో కాపురం ఉండేవాళ్లని చెరువు దాటమని ఎవరూ అడగరు. సైకిలు దగ్గరే పీకలమీదికి వచ్చింది. చిన్నప్పుడు మా వీధి మలుపు తిరిగితే చాలు, బస్సులూ ఆటోలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చే మెయిన్ రోడ్డు. "నీకు సైకిలు కొనిస్తే రోజూ నేను గుమ్మంలోనే నిలబడాలి" అని అమ్మ కొననివ్వలేదు. నేనూ పెద్దగా ఏడవలేదు. (ఏడ్చి ఉంటే ఈ కథ ఉండేది కాదు.)

అప్పుడు నేను మా ఇంటికి దగ్గర్లో ఉన్న క్యాంపస్‌లో ద్రాక్ష ఆకులకొచ్చే తెగులు మీద పరిశోధన చేస్తున్నాను. ఏళ్ల తరబడి తెగులు పట్టిన ఆకుని మైక్రోస్కోపు కింద చూడటమే తప్ప, నిజమైన ద్రాక్షతోటలో నిలబడిన పాపాన పోలేదు. అలాంటిది ఎక్కడో సముద్రం మధ్యలో, ద్రాక్షా వైనూ తప్ప వేరే పనిలేని ఒక ద్వీపం నుంచి మా గైడు గారికి పిలుపొచ్చింది, మీ విద్యార్థుల్లో ఒకరిని పంపితే మా తోటలన్నీ తిప్పి చూపిస్తామని. సారు నా పేరే చెప్పారు. నేను గాల్లో తేలుతూ ఉండగా ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని చివరి మాట చదివారు. అక్కడ తోటకీ తోటకీ మధ్య బస్సుల్లేవట, వచ్చిన అతిథులందరికీ తలో ఈ-బైకు ఇస్తారట, కరెంటు మోటారున్న సైకిలు. "సైకిలొచ్చుగా నీకు?" అన్నారు. నా మొహం చూసి ఆయనకే అర్థమైంది. నెలాఖరులోగా నేర్చుకుంటే సరే, లేకపోతే నా బదులు ల్యాబులో ఇంకొకరిని పంపక తప్పదని, పాపం, బాధపడుతూనే చెప్పారు.

ఇంటికొచ్చి నాన్నని అడిగాను. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ సైకిలు మీదే వెళ్లొచ్చిన మనిషి. కానీ పెళ్లీడు దాటిన కూతురి వెనక సీటు పట్టుకుని పరిగెత్తే మోకాళ్లు తనకిప్పుడు లేవని పేపరు అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు మేడమీది వాటాలోంచి అత్తయ్య దిగింది. మా నాన్న చెల్లెలు. బళ్లో లెక్కలు చెప్పేది, ఇంట్లో అందరికీ అన్నీ చెప్పేది. "నేను నేర్పిస్తాను. పొద్దున్నే తయారుగా ఉండు" అంది. అత్తయ్య ఒక మాట అన్నాక ఎందుకూ ఏమిటీ అని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

క్యాంపస్ గేటు లోపల ఈ-బైకులు అద్దెకిచ్చే స్టాండుండేది. స్కూటీలాగా ముందు భాగం వంగి ఉంటుంది ఆ బండి, సీటుకీ హ్యాండిలుకీ మధ్య రాడ్డనేదే ఉండదు. చీర కట్టుకున్న వాళ్లయినా కాలు ఇటునుంచి అటు వేసి సుఖంగా కూర్చోవచ్చు. నేనలాగే కూర్చోబోతే అత్తయ్య ఒప్పుకుంటేనా. ముందు లాగు మడుచుకోవాలట. ఎడంకాలు పెడలు మీద పెట్టి, కుడికాలితో గెంతుతూ బండిని పరిగెత్తించి, ఊపందుకున్నాక కుడికాలు వెనకనుంచి తిప్పి సీటు మీదకి రావాలట. సరే అని ఎడంకాలు మోపానో లేదో, పెడలు మీద బరువు పడగానే మోటారు తన పని తాను చేసింది. బండి ముందుకి ఉరికింది, నేను ఒంటికాలితో దాని వెనక కొంగలాగా గెంతుకుంటూ వెళ్లి గోరింట పొదలో తేలాను.

స్టాండు అన్న వచ్చి నన్ను లేపి, బండిని దులిపి (ఏది ముందు చేశాడో చెప్పను), అత్తయ్య వైపు తిరిగి అడిగాడు. "మేడం, గీ బండికి రాడ్డే లేదు గద. గట్లెందుకు ఎక్కిపిస్తున్నరు? సక్కగ కూసుంటే అయిపోతది." అత్తయ్య అతన్ని వెనకబెంచీ కుర్రాణ్ణి చూసినట్టు చూసి, పద్ధతి పద్ధతేనంది. పాపం అతనే రాజీ కుదిర్చాడు, ఎక్కేదాకా మోటారు ఆపి ఉంచమని.

ఆ రోజు మొదలు పొద్దునపూట వాకింగుకొచ్చే పెద్దమనుషులకి నేను కాలక్షేపమైపోయాను. అత్తయ్య మాత్రం కల్వర్టు గోడ పక్కన నిలబడి పాఠం చెప్పినట్టు చెబుతూనే ఉండేది. చక్రాన్ని చూడకు, వెళ్లే చోటు చూడు. ఎటు పడబోతే హ్యాండిలు అటే తిప్పు, పడవు. గేదె ఎదురొస్తే ముందునుంచి దూరకు, ఆగి దాని వెనకనుంచి వెళ్లు. మా క్యాంపస్ రోడ్డు మీద నెమళ్లు కనిపిస్తాయి, కుక్కలు కావలసినన్ని ఉంటాయి, గేదె మాత్రం నా ఎరుకలో లేదు. ఆ మాట అనబోయి, అత్తయ్య మొహం చూసి మింగేశాను. ఒకరోజు నాన్న కూడా వేడుక చూద్దామని వచ్చి కల్వర్టు మీద కూర్చున్నారు. కాసేపు విని, "అచ్చం మన నాన్నలాగే అరుస్తున్నావే" అని నవ్వారు. అత్తయ్య రోడ్డు వంక తిరిగి, చక్రాన్ని చూడొద్దని నా మీద ఇంకా గట్టిగా అరిచింది.

ఇది చాలదన్నట్టు ఆదివారం మా చర్చిలో ప్రార్థన మనవులు చెప్పే వేళకి అత్తయ్య లేచి నిలబడింది. మా అన్నయ్య కూతురికి నెలాఖరులోగా సైకిలు రావాలనీ, వెళ్లేది ద్రాక్షారసపు దేశం కనుక ఆ విషయంలో కూడా దేవుడు కాపాడాలనీ సంఘమంతా ప్రార్థించమంది. సంఘం ప్రార్థించింది. ఆ తర్వాత కూరల బండి దగ్గర పాస్టరమ్మ గారు నా మోచేతి గీతలు చూసి, "ఇంకా దయ కలగలేదా అమ్మా?" అని ఎంత ఆరాటంగా అడిగారంటే, నా పెళ్లి గురించి కూడా ఎవరూ అంత ఆరాటపడలేదు.

దయ ఎప్పుడు కలిగిందో నాకు తెలియదు. ఒక పొద్దున గెంతి, కాలు తిప్పి, సీటు మీద పడ్డాను, ఇక కింద పడలేదు. లైబ్రరీ దాకా వెళ్లిపోయాను. తిరిగి రావడం ఎలాగో (మలుపు తిప్పడం ఇంకా పాఠంలో రాలేదు) తెలియక అక్కడే దిగి, బండిని నడిపించుకుంటూ వచ్చాను. అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ దుమ్ము పడిందంది. సారు నన్నే పంపారు.

ఆ ద్వీపం గురించి ఏం చెప్పను. కొండంతా మెట్లు మెట్లుగా ద్రాక్ష, కింద నీలంగా సముద్రం. నేను ఏళ్లపాటు గాజుపలక మీద ముక్కలుగా చూసిన ఆకు అక్కడ గాలికి ఊగుతూ కనిపిస్తే నాకు ఏడుపొచ్చింది. మొదటి పొద్దున అందరూ బళ్ల మీద బుద్ధిగా కూర్చున్నారు. నేను మాత్రం ప్యాంటు మడిచి, మోటారు ఆపి, ఎడంకాలు పెట్టి, గెంతి గెంతి, కాలు తిప్పి ఎక్కాను. అందరూ చప్పట్లు కొట్టారు. తోట యజమాని, చాలా మర్యాదస్తుడు, ఇది మీ దేశపు సంప్రదాయమా అని అడిగాడు. అవునన్నాను. మర్నాటికి ఇద్దరు ముగ్గురు అలా ఎక్కాలని ప్రయత్నించి పడ్డారు కూడా.

ఒకరోజు కొండ దిగుతుంటే మలుపులో మేకల మంద అడ్డం వచ్చింది. నా ముందున్నాయన మంద ముందునుంచి దూరిపోదామనుకుని బండితో సహా ద్రాక్షపందిట్లోకి వెళ్లాడు. నేను ఆగి, ఆఖరి మేక దాటాక దాని వెనకనుంచి వెళ్లాను. ఆ క్షణాన అత్తయ్యకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. (ద్రాక్షారసం విషయం మా సంఘం వాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. ప్రార్థనలో ఎక్కువ భాగం సైకిలుకే ఖర్చయిపోయిందని మాత్రం చెప్పగలను.)

తిరిగొచ్చాక మొదటి పనిగా అత్తయ్యని క్యాంపస్‌కి లాక్కెళ్లి రెండు బళ్లు అద్దెకి తీసుకున్నాను. ఇద్దరం పక్కపక్కనే తొక్కుదాం, గురువుగారి విద్య నేనూ చూడాలిగా అన్నాను. అత్తయ్య హ్యాండిలు పట్టుకుని నిలబడింది. ఎంతకీ ఎక్కదు.

"నాకు సైకిలు రాదే" అంది.

పరాచికమనుకున్నాను. "మరి నాకెలా నేర్పావు?"

"మా నాన్న మీ నాన్నకి కాలవగట్టు మీద నేర్పేవాడు, ఎండాకాలం సెలవలంతా. నేను ఆ పక్కనే కూర్చుని మీ నాన్న విప్పి ఇచ్చిన చొక్కా పట్టుకునేదాన్ని. నేనూ ఎక్కుతానంటే, ఆడపిల్లవి నీకెందుకన్నాడు మా నాన్న. ఎక్కనివ్వలేదు గానీ, వినొద్దనలేదుగా. అన్నీ విన్నాను."

గెంతడం, లాగు మడవడం, గేదె, అన్నీ ఒక్కసారిగా నాకు అర్థమయ్యాయి. ఆ పిల్ల అన్న చొక్కా ఒళ్లో పెట్టుకుని, ఒక్క ముక్క కూడా పోనివ్వకుండా ఇన్నేళ్లు దాచిపెట్టుకుంది. రాడ్డు లేదుగా అత్తయ్యా, హాయిగా కూర్చో, నేను వెనక పట్టుకుంటానన్నాను.

"ఊరుకో. మా నాన్న ఎలా చెప్పాడో అలాగే ఎక్కుతాను" అంది. అప్పుడు గమనించాను, చీర కట్టుకోలేదు. కుర్తా కింద నా పాత ట్రాక్ ప్యాంటు వేసుకొచ్చింది. వంగి, దాన్ని పాదాల పైకి జాగ్రత్తగా మడుచుకుంది.

ఆ రోజు పడింది, మర్నాడూ పడింది. స్టాండు అన్న ఈసారి ఏమీ అడగకుండా మోటారు ఆపేసి పక్కన నిలబడ్డాడు. ఇప్పుడు ఆదివారం ఆరాధనకి ముందు లైబ్రరీ దాకా వెళ్లి, మలుపు తిప్పుకుని మరీ వస్తుంది. నాన్న కల్వర్టు మీద కూర్చుని ఆవిడ చున్నీ పట్టుకుంటారు. నేను కూడా ఇప్పటికీ గెంతే ఎక్కుతాను. నా దగ్గర చదువుకునే పిల్లలు చాటుగా నవ్వుకుంటారని నాకు తెలుసు. మామూలుగా కూర్చోవచ్చని వాళ్లకే కాదు, నాకూ తెలుసు. అయినా నా కాలు మాత్రం లేని రాడ్డుని తప్పించుకుంటూ వెనకనుంచే తిరుగుతుంది.