నోరు తెరవనిదే కత్తి కదలదు

"గడ్డం గీయించుకోవడానికొచ్చాను. నా పళ్లతో నీకేం పని?" అని ఆ రోజు బ్యాంకు మేనేజరు ఎగిరిపడ్డాడు.

మా వీధి సెలూనతనికి ఉన్న పిచ్చి అదొక్కటే. సగం గడ్డం గీసి, కత్తి పక్కన పెట్టి, జేబులోంచి టార్చి తీసి నోరు తెరవమంటాడు. అందుకే వాణ్ణి అందరూ టార్చిలైటు అంటారు.

"తెరవండి సార్."

"తెరవను!"

"అయితే అలాగే వెళ్లండి. ఒక చెంప మేనేజరు, ఒక చెంప సన్యాసి."

మేనేజరు నురగతోనే గుమ్మం దాకా నడిచాడు. ఎదురు వరండాలో నేను కుట్టుమిషను ఆపి ఒక్క చూపు చూశాను. నా తిట్లంటే వీధంతటికీ హడలు. మేనేజరు తిరిగొచ్చి కూర్చుని, నోరు గుహలా తెరిచాడు.

"కుడి దవడ, వెనకనుంచి రెండోది, పుచ్చింది!" అని టార్చిలైటు పెట్టిన కేకకి వీధి చివర ఇస్త్రీ అతను కూడా "అయ్యో పాపం" అన్నాడు.

నా చదువు రెండో తరగతితో ఆగింది గానీ, ఆ కేకల పుణ్యమా అని వీధిలో అందరి పళ్లూ నాకు కంఠతా వచ్చు. ఎవరిల్లయినా అడిగితే "ముందు పన్ను విరిగినాయనేనా? మూడో గుమ్మం" అని చెప్పేదాన్ని.

అందరికీ పరువు పోయింది గానీ, ఒక్కరూ డాక్టరు దగ్గరికి పోలేదు. దాంతో టార్చిలైటే, ప్రతి వారం సెలూను సెలవురోజున ఇక్కడే పళ్లు చూడమని పళ్ల డాక్టరమ్మని బతిమాలి తెచ్చాడు. బడి పంతులమ్మ బల్లలిచ్చింది, మందుల షాపాయన దూది ఇచ్చాడు. వెనక్కి వాలే కుర్చీ వీడిదే. వారానికున్న ఒక్క సెలవూ ఇక ఆ కుర్చీకి లేదు.

"మధ్యాహ్నంలోగా పదిమంది రాకపోతే ఇంకో వీధి చూసుకుంటాను" అంది మొదటి రోజే డాక్టరమ్మ.

పదకొండైంది. మేనేజరు, ఇస్త్రీ అతను, ఇంకో పాతికమంది గోడవారగా నిలబడి "ముందు మీరు", "అబ్బే, ముందు మీరే" అని మర్యాదలు చేసుకుంటున్నారు.

టార్చిలైటు నా దగ్గరికొచ్చాడు.

"నా దగ్గరికెందుకురా? నా పళ్లు వజ్రాలు."

వాడు గొంతు తగ్గించాడు. వాడికి తగ్గే గొంతుందని నాకప్పుడే తెలిసింది. "రెండు నెలలుగా దారం కుడివైపే కొరుకుతున్నావు పెద్దమ్మా."

"ఎవరికైనా చెప్పావా?"

"చెప్తే బతకనిస్తావా? అసలు డాక్టరమ్మని పిలిచిందే నీకోసం. వీళ్లంతా నీ వెనకాల."

ఊరందరి పళ్లూ చాటింపు వేసినవాడు నా ఒక్క పన్ను సంగతి మాత్రం కడుపులో దాచుకున్నాడు. మిషను మీద గుడ్డ కప్పి లేచాను.

"నువ్వెక్కి కూర్చో. కుర్చీ గట్టిదో కాదో చూస్తోందని అందరికీ చెప్తాను. దిగాక మాత్రం నాకో సాయం చెయ్యి పెద్దమ్మా. ఆ గుమ్మంలో నిలబడి, పారిపోయేవాళ్లని నోరారా తిట్టు."