అద్దంలో నీళ్లు

హెండర్సన్ స్టేషన్‌లో ట్రైన్ ఎక్కేసరికి నా ఒళ్లో రాగి రేకు ఉంది. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే చిన్న ఆవిరి రైలింజన్ కడదామని, దాని బాయిలర్ కోసం కొన్నాను. బాయిలర్ పేలితే వెనక కూర్చునేది నా కూతురేనన్న భయంతో నిద్రపట్టక, షాపులో తిరిగి ఇచ్చెయ్యడానికి బయల్దేరాను.

ఆ మాటే ఫోన్లో మా ఆవిడకి చెప్తుంటే ఎదుటి సీట్లో పెద్దాయన విన్నారు. ఫిజీ నుంచి వచ్చిన తెలుగాయన. అక్కడ చక్కెర మిల్లులో చెరకు బండ్ల ఇంజన్ నడిపేవారట.

"బాయిలర్లో నీళ్లెంతున్నాయో చూపించే అద్దం గొట్టం ఉంటది బాబూ. అందులో నీళ్లు కనపడ్డాయి. బాయిలర్లో లేవు. గొట్టం దారి పూడిపోయింది. రోజూ గొట్టం కింది కుళాయి తిప్పి, నీళ్లు దిగిపోయి మళ్లీ పైకి వస్తున్నాయా అని చూసేవాణ్ణి. ఆ రోజు చూళ్లేదు."

చొక్కా చెయ్యి మడిచారు. మోచేతి దాకా చర్మం ముడుచుకుపోయి మెరుస్తోంది.

"నా పక్కనున్నవాడు ఇంటికి పోలేదు."

నేను దిగాల్సిన స్టేషన్ వచ్చింది. నేను దిగలేదు.

"ఇంజన్ కట్టుకో," అన్నారాయన. "కుళాయి మర్చిపోకు."

కట్టాను. పాప ఎక్కేముందు ప్రతిసారీ కుళాయి తిప్పుతాను. అద్దంలో నీళ్లు జారిపోతాయి. అవి మళ్లీ పైకి వచ్చేదాకా నాకు ఊపిరాడదు.