ఇంగ్లిష్ ఆరాధనలో మార్తమ్మ గారు

మొన్న ఆదివారం చిక్కడపల్లిలో మెట్రో ఎక్కిన ఒకావిడ నా పక్కన కూర్చోగానే టాల్కం పౌడర్ వాసన గుప్పుమంది. తెల్లచీర, ఒళ్ళో బైబిలు. మార్తమ్మ గారు గుర్తొచ్చారు. నేను అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు కోచింగ్ తీసుకునే రోజుల్లో మా ఇంటి ఓనరు ఆవిడ. రాతపరీక్షలు గట్టెక్కినా, ఇంటర్వ్యూలో ఇంగ్లిష్ ప్రశ్న పడగానే నా నోరు మూతపడేది. ఈసారీ పోతే ఊరికి వచ్చెయ్యమన్నారు ఇంట్లో.

"ఏడ్వకు బిడ్డా. నారాయణగూడ చర్చిల ఇంగ్లిష్ ఆరాధన ఉంటది. పైస ఖర్చు లేకుండ ముఫ్త్‌ల ఇంగ్లిష్ వినొచ్చు, రా" అన్నారు మార్తమ్మ గారు.

మాది చర్చికి వెళ్ళే ఇల్లు కాదు, అయినా వెళ్ళాను. తీరా చూస్తే ఆవిడకు ఇంగ్లిష్ ముక్క రాదు. పాస్టర్ గారు రెండు మాటలు చెప్పగానే మోచేత్తో పొడిచి "ఏమంటున్నడు?" అనేవారు. చెవిలో తెలుగులో చెప్పేదాన్ని. అర్థం కానిచోట కల్పించేదాన్ని. దానికీ గట్టిగా "ఆమెన్" అనేవారు.

"తెలుగు ఆరాధనకే వెళ్ళొచ్చు కదా ఆంటీ?"

"దానికి మా వియ్యపురాలు వస్తది. ఆమె మొఖం చూస్తే నాకు ప్రార్థన రాదు."

కొన్ని వారాలకు పాస్టర్ గారి కన్ను నా మీద పడింది. ఎందుకొస్తున్నానో లేచి చెప్పమన్నారు, ఇంగ్లిష్‌లో. మనశ్శాంతి కోసమని చెప్పాలని ఎప్పుడో బట్టీపట్టి ఉంచాను. లేవగానే అదంతా ఎగిరిపోయింది.

"ఐ కేమ్ ఫర్ ఇంగ్లిష్" అనేశాను.

హాలంతా నా వైపు తిరిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. మార్తమ్మ గారు లేచారు.

"పిల్లను గట్ల చూస్తరేంది? నేను మా వియ్యపురాలిని తప్పించుకుందామని వస్తున్న. జాన్ అన్న కూలర్ కోసం వస్తడు. దేవుడే ఊకున్నడు, మీకేంది?"

ముందు నవ్వింది పాస్టర్ గారే. జాన్ గారు తల దించుకున్నారు కానీ కూలర్ పక్క కుర్చీ మాత్రం వదల్లేదు.

తర్వాతి ఇంటర్వ్యూలో ఈ ఉద్యోగం ఎందుకని అడిగితే, ఇదే ఆఖరి అవకాశమని ఉన్నదున్నట్టు చెప్పాను, తప్పుల ఇంగ్లిష్‌లోనే. ఉద్యోగం వచ్చింది. ఆ ఆదివారం కూడా తయారై ఆవిడ గుమ్మం ముందు నిలబడ్డాను.

"నౌకరి వచ్చె గద, ఇంకెందుకే చర్చికి?"

"మీకు తెలుగులో ఎవరు చెప్తారు మరి?"

"సగం నువ్వు కల్పిస్తవని నాకు తెల్వదా?"

"మరి ఆమెన్ ఎందుకనేవారు?"

"నువ్వు భయం లేకుండ మాట్లాడేది గప్పుడే. ఆపబుద్ధి కాలే."

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆవిడ చనిపోయారు. నలుగురిలో మాట్లాడాల్సి వస్తే ఇప్పటికీ నాకు భయమే. అప్పుడు జనం వైపు చూడను. పక్కన ఒక ముసలావిడ చెవి ఒగ్గి కూర్చుందనుకుని, ఆమెకే చెప్పడం మొదలుపెడతాను.