ఊడుపు పాట ఆగిన సభ

చోడవరంలో నేను లెక్కలు చెప్పిన బడిలో ఒక తెలుగు మేడం ఉండేవారు. పిల్లలు మాట్లాడుతుంటే కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని మరీ వినేవారు. ఎవరి యాసనూ దిద్దేవారు కాదు. "రాతలో తప్పులు దిద్దుతాను గానీ, నోట్లో మాట దిద్దడానికి నేనెవర్ని బాబూ?" అనేవారు.

తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చిన సందర్భంగా బడిలో ఏటా సభ జరిగేది. ఒక ఏడు అధికారి ఒకాయన ముఖ్య అతిథిగా వచ్చారు. మేడం గోవాడ నుంచి వచ్చే ఆరో తరగతి పిల్లను పాట పాడమని వేదిక ఎక్కించారు.

"మాయమ్మ వరి ఊడుపులకెల్తే పాటలు పాడతాది. అయ్యన్నీ నాకొచ్చు," అంది ఆ పిల్ల.

అధికారి నవ్వేశారు. హాలంతా నవ్వింది. హెడ్మాస్టరు మైకు అందుకుని, "ప్రాచీన భాషంటే ఇది కాదమ్మా, దిగు," అన్నారు. పాడకుండానే ఆ పిల్ల దిగిపోయింది.

మేడం ఎవరితోనూ వాదించలేదు. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, "నాకు పాడి సెప్పమ్మా," అన్నారు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

సభ అయ్యాక ఆవిడ నా దగ్గరకొచ్చారు.

"ఆళ్ళు నవ్వేరంటే సరే. నువ్వూ నవ్వేవేటి బాబూ? మీది మాడుగులే కదా, మీయమ్మ ఎలా మాటాడతాది?"

ఆ పిల్ల ఏడాది చివరిదాకా, మేడం ఏమడిగినా పుస్తకంలోని వాక్యాలే అప్పజెప్పింది, ఒక్క తప్పూ లేకుండా.