ఆగని బండికి అభ్యంతరం

మొన్న మా చోడవరంలో ఒక కళ్యాణ మండపం గోడకి పటం వేలాడదీశారు. పెళ్ళిళ్ళలో వధూవరుల పేర్లు పూలతో రాసి తగిలించే గోడ అది. దాని మీద దుప్పటంత పటం. విశాఖపట్నం మహానగరం పెరిగిపోతోందట, దాని చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపి ప్రణాళిక గీశారట, మనం చూసుకుని అభ్యంతరాలుంటే రాసి ఇవ్వాలట. అభ్యంతరం అన్న మాట వినబడ్డాక ఇంట్లో కూర్చునే స్వభావం కాదు నాది. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైనదాన్ని. సర్వీసులో ఉండగా నేను రాసిన ఫిర్యాదులు చదవడానికే ఒక మనిషిని పెట్టుకోవాల్సి వచ్చిందని మా పై అధికారి ఒకాయన నలుగురిలో అన్నాడు. ఆ నలుగురూ ఎవరో ఇప్పటికీ చెప్పగలను. చెప్పులేసుకుంటూంటే మా ఆయన పేపరు పక్కకి తీసి, "ఇల్లూ వీధీ అయిపోయేయి. ఇంక మహానగరం మీద పడతన్నావేటి?" అన్నాడు. అదీ గుర్తు పెట్టుకున్నాను.

పటం ముందు నిలబడి ముందు మా ఊరి పేరు వెతుక్కున్నాను. లావుపాటి ఎర్ర గీత ఒకటి మహానగరం సరిహద్దు. చోడవరం ఆ గీతకి లోపలుంది! ఒక్క క్షణం నమ్మలేకపోయాను. జిల్లాలు విడగొట్టినప్పుడు మమ్మల్ని అడక్కుండా విశాఖపట్నంలోంచి తీసి అనకాపల్లిలో వేశారు. ఆ కోపంతో నేను ఇప్పటికీ కవర్ల మీద విశాఖపట్నం జిల్లా అనే రాస్తాను. ఇప్పుడు మళ్ళీ అడక్కుండానే మహానగరంలోకి లాక్కున్నారు. సరే, పోనీ అనుకుంటూ వేలితో గీతలు తడుముతున్నాను. ఇళ్ళకి పసుపు రంగు, పొలాలకి ఆకుపచ్చ. వాటి మధ్యనించి నల్లగా, అడ్డగీతలతో, జెర్రి పాకినట్టు ఒక గీత. పక్కన చిన్న అక్షరాలతో 'ప్రతిపాదిత రైలు మార్గం' అని ఉంది. ఆ జెర్రి వడ్డాది రోడ్డు దాటి తిన్నగా మా చర్చి సంఘం వాళ్ళ సమాధుల తోటలోంచి పాకింది. పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ తోటలో మా మేనత్త ఉంది. మా ఊరికి రైలు రావాలని బతికినన్నాళ్ళూ దేవుణ్ణి అడిగిన మనిషి.

అత్త జాకెట్లు కుట్టేది. భర్త పెందరాళే పోయాడు, పిల్లల్లేరు. వరండాలో కుట్టు మిషను, దాని పక్కన గుడ్డముక్కల మూట, ఆ మూట మీద నేను. బట్ట కొత్తదైతే గంజి వాసన, మిషన్లోంచి నూనె వాసన. ఈ రెండూ కలిస్తే నాకిప్పటికీ ఆవిడే. అత్తకి ఒక తోటికోడలు ఉండేది, పెద్దావిడ, విశాఖపట్నంలో కాపురం. వాళ్ళమ్మాయి పెళ్ళికి అత్త నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. కొత్త బెల్లంతో పాకుండలు చేసి వెదురు బుట్టలో సర్ది, మూత మీద గుడ్డ కట్టి, నా ఒళ్ళో పెట్టింది. అది చెరకు క్రషింగు రోజులు. ఫ్యాక్టరీకి పోయే చెరకు బళ్ళు రోడ్డంతా బారులు తీరి, అనకాపల్లి బస్సు వాటి వెనకాల ఎద్దు కంటే నెమ్మదిగా నడిచింది. స్టేషన్లోకి పరుగెత్తుకొచ్చేసరికి పాసింజరు వెళ్ళిపోతోంది. దాని ఆఖరి పెట్టె మాకు బాగా కనబడింది. తర్వాతి బండి వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం. బుట్టలోంచి ఏలకుల వాసన వస్తోంది. "ఒక్కటి తిననా అత్తా?" అంటే, "మర్యాద కాదే గుంటా, ఆళ్ళకి తీసుకెళ్తన్నాం" అంది.

మేం చేరేసరికి చర్చిలో పెళ్ళైపోయింది, ఆఖరి బంతి లేస్తోంది. తోటికోడలు గుమ్మంలోనే నిలబడి, అందరూ వినేలా, "ఏం చేస్తారు పాపం, రైలు కూడా లేని ఊరు వాళ్ళది! వచ్చేరు, అదే గొప్ప" అంది. పట్టుచీరలన్నీ నవ్వాయి. నాకు పెట్టిన ఆకులో లడ్డూ విరిగిపోయిన ముక్క వేశారు. విరిగింది నాకే వేశారని ఇప్పటికీ అంటాను, మా ఆయన నవ్వినా అంటాను. అత్త ఆకు ముందు కూర్చోనే లేదు. పెళ్ళికూతురి తల మీద చెయ్యేసి ప్రార్థన చేసి, బుట్ట మూతకి కట్టిన గుడ్డ విప్పకుండానే మళ్ళీ నా చేతికిచ్చి, చోడవరం దాకా బస్సులోనే తీసుకొచ్చేసింది. దారిలో ఒకే ఒక్క మాట అంది. "మా ఊరికి రైలొచ్చేక, మా ఊళ్ళోనే ఎక్కుతాను. అంతదాకా రైలెక్కితే నన్నడుగు." ఆ పాకుండలు మేమిద్దరం వారం తిన్నాం. అంత చేదు పాకుండలు నేనెప్పుడూ తినలేదని రాస్తే అబద్ధమవుతుంది. చాలా బాగున్నాయి.

ఒట్టంటే ఒట్టే. గుంటూరులో జరిగే క్రైస్తవ సభలకి సంఘమంతా రైల్లో హాయిగా పడుకుని వెళ్తే ఆవిడ బస్సులు మారి, కాళ్ళు వాచి, ఒక పూట ఆలస్యంగా చేరేది. ప్రతి ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పుకునే సమయం ఒకటి ఉంటుంది. ఒకరు కొడుకు జ్వరమంటారు, ఒకరు కూతురి పరీక్షలంటారు. అందరి తర్వాతా అత్త లేచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, "మన ఊరికి రైలు రావాలని అయ్యగారూ" అనేది. పాస్టరుగారు కొన్నాళ్ళు ఓర్చుకున్నారు. ఒక ఆదివారం ఇంక తట్టుకోలేక, "అమ్మా, రైళ్ళు ఢిల్లీవాళ్ళు వేస్తారు గానీ దేవుడు వేస్తాడా?" అన్నారు. అత్త తడుముకోలేదు. "ఎర్ర సముద్రాన్ని సీల్చినోడికి అనకాపల్లి నించి సోడవరం దాకా పట్టాలెయ్యడం కష్టమేటి అయ్యగారూ?" అంది. పాటల బృందంలో ఒక గుంటడు ఉండేవాడు. ఆవిడ లేచి నిలబడగానే నోటికి చెయ్యడ్డం పెట్టుకుని సన్నగా కూత పెట్టేవాడు. సంఘమంతా పాటల పుస్తకాల వెనక నవ్వేది. ఆవిడ వినబడనట్టే కూర్చునేది. నాకు వినబడింది.

ఆ కూత పెట్టినవాడే ఇప్పుడు మా సంఘ పెద్ద. కళ్యాణ మండపంలో నన్ను చూసి కాగితం పట్టుకుని గబగబా వచ్చాడు. "సిస్టరమ్మా, సూసేరా అన్యాయం! మన సమాధుల మీంచి రైలంట! ఈ లైను తీసెయ్యమని అందరం సంతకాలెడతన్నాం. ముందు మీది పడాల." జేబులోంచి తీసిన పెన్ను మూత కూడా తనే తీసి ఇచ్చాడు. నేను పెన్ను పుచ్చుకుని, సంతకం పెట్టకుండా, బల్ల దగ్గర కూర్చున్న అధికారి దగ్గరికి నడిచాను. కుర్రాడు, మర్యాదస్థుడే.

"ఈ లైను మీద చోడవరం స్టేషనెక్కడ బాబూ?" అని అడిగాను.

"స్టేషన్ లేదండి. ఇది బైపాస్ లైను. సిటీలో రద్దీ తగ్గించడానికి గూడ్సు బళ్ళూ, స్పీడు బళ్ళూ ఇటు మళ్ళిస్తారండి. ఇక్కడ హాల్టు ఉండదు మేడమ్."

ఆ మాట అతని చేత ఇంకోసారి చెప్పించుకున్నాను. ఆవిడ అన్ని ఆదివారాలు నిలబడి అడిగితే, రైలు రానే వస్తోంది, ఆవిడ గుండెల మీంచే పోతోంది, కానీ ఆగదు! తోటికోడలు అన్న మాట కంటే పెద్ద మాట ఇంకొకటి ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు. "అంటే మా మీంచి పోతాది గానీ మా కోసం ఆగదన్నమాట" అన్నాను. "సమాధులు వేరే చోటికి మారుస్తారండి, దానికి పద్ధతి ఉంటుంది" అన్నాడు ఆ అబ్బాయి. తను జవాబిస్తున్నది వేరే ప్రశ్నకని పాపం అతనికి తెలీదు.

సంఘ పెద్ద కాగితం పట్టుకుని వెనకాలే వచ్చాడు. "సంతకం, సిస్టరమ్మా."

"నేను పెట్టను."

"అదేటి! మీ అత్తని తవ్వేస్తారండీ! పడుకున్న మనిషిని లేపేస్తారు!"

"ఆవిడ పడుకోలేదు. బండి కోసం కాసుకునుంది" అన్నాను. "ఆవిడ లేచి నిలబడితే కూత పెట్టింది నువ్వే కదరా. ఆ కూత ఇప్పుడు నిజంగా వస్తా ఉంటే వద్దంటావేటి?"

ఇన్నేళ్ళ తర్వాత ఎవరైనా ఆ మాట తీస్తారని ఊహించి ఉండడు. తల దించుకుని, "సిన్నతనం అమ్మా" అన్నాడు నెమ్మదిగా. నా చిన్నతనం కూడా అదే రోజుల్లో గడిచింది.

ఒక తెల్ల కాగితం అడిగి పుచ్చుకుని నా అభ్యంతరం విడిగా రాశాను. పట్టాలు సమాధుల పక్కనించి వేస్తే సంతోషం, తప్పక లోపలినించే వేస్తే అత్తని కాస్త పక్కకి జరిపే రోజున నేను దగ్గరుండి చూసుకుంటాను, కానీ బండి మాత్రం చోడవరంలో ఆగి తీరాలి అని. అధికారి చదివి, "కారణం కూడా రాయాలండి" అన్నాడు. కింద రాశాను: 'మా అత్త ఎక్కాలి.' అతను ఆ కాగితం వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు. నవ్వుతాడేమోనని కాచుకుని ఉన్నాను, నవ్వితే ఆ నవ్వు కూడా గుర్తు పెట్టుకునేదాన్ని. అతను నవ్వలేదు. ముద్ర వేసి మిగతా కాగితాల మీద పెట్టాడు. నేను చూస్తూండగానే సంఘ పెద్ద తన సంతకాల కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇంకో తెల్ల కాగితం అడిగాడు.

నవంబరులో సమాధుల పండుగకి ఎప్పట్లాగే వెళ్ళి, ఆవిడ సమాధికి సున్నం వేసి, కొవ్వొత్తి పెట్టి, ఈ సంగతి చెప్పాలి. పాకుండలు కూడా చేసి పట్టుకెళ్తాను. మా ఆయన "ఇంకా ఆ పాత మాటలేనా, రోజులు గడిచిపోలేదా" అంటాడు. రోజులు గడిచిపోతాయని అందరూ అంటారు గానీ, నేను చూసినంతవరకూ అవి ఎక్కడికీ పోవు. బండి ఆపి ఎవరో ఒకరు ఎక్కించుకునేదాకా బుట్ట ఒళ్ళో పెట్టుకుని ప్లాట్‌ఫారం మీదే కూర్చుని ఉంటాయి.